బోనుకి కారణం రాయాలి

2024 మే మొదట్లో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ లోపల తిరుగుతున్న చిరుతని అటవీశాఖవాళ్లు పట్టుకున్నారు. కెమెరాలు పెట్టారు, బోన్లు పెట్టారు, బోన్లలో మేకల్ని ఎరగా కట్టారు. కొన్ని రోజులు చిరుత అటువైపు రాలేదు. చివరికి ఒక రాత్రి చిక్కింది. దాన్ని నెహ్రూ జూకి తీసుకెళ్లి, డాక్టర్లు చూశాక, నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో వదిలేశారు.

వార్తల్లో అందరూ చిరుత రన్‌వే దాకా ఎలా వచ్చిందని మాట్లాడుకున్నారు. నాకు మాత్రం రెండో సగం పట్టుకుంది. ఒకసారి జూ గేటు దాటి లోపలికెళ్లిన జంతువు మళ్లీ బయటికి వచ్చింది. మన దేశంలో ఇది మామూలు విషయం కాదు. చాలాకాలం వరకూ బోనులో పడ్డ జంతువు బోనుదే. అది సర్కస్‌కో, జూకో, జమీందారు తోటకో పోయేది. ఎందుకు పెట్టావని అడిగేవాళ్లు లేరు.

ఇప్పుడు అడిగే చట్టం ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పదకొండో సెక్షన్ మనుషులకి ప్రమాదంగా మారిన జంతువుల గురించి చెప్తుంది. 2003లో అమల్లోకి వచ్చిన సవరణ దానికి రెండు షరతులు తగిలించింది. మొదటిది, పట్టుకోవడమో, మత్తిచ్చి వేరేచోటికి తరలించడమో కుదరదని తేలితే తప్ప చంపమని ఆర్డర్ ఇవ్వకూడదు. రెండోది, పట్టుకున్న జంతువు ఇక అడవిలో బతకలేదని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ నిర్ధారించుకుని, ఆ కారణాలు రాతపూర్వకంగా నమోదు చేస్తే తప్ప దాన్ని బంధించి ఉంచకూడదు.

అంటే అడవి జంతువుని బోనులో ఉంచాలంటే కారణం రాయాలి. చిన్న వాక్యమే. కానీ అక్కడిదాకా రావడానికి వందేళ్లకి పైగా పట్టింది.

అమ్రాబాద్ నుంచే మొదలుపెడదాం. మన్ననూర్ దాటి లోపలికెళ్తే ఫర్హాబాద్ వస్తుంది. ఆ ఉర్దూ పేరుకి ఆనందంగా ఉండే చోటు అని అర్థం. ఆనందం ఎవరిదని అడగక్కర్లేదు, అది నిజాం కాలపు వేట విడిది. ఈ అడవిని రాజులు వేటకోసం కాపాడుకున్నారు. ఆ అడవిలోనే బతికే చెంచులకి మాత్రం నియమాలు ఒక్కొక్కటీ బిగుసుకుంటూ వచ్చాయి. అప్పట్లో పులికి రక్షణ అంటే దొరగారు వచ్చేదాకా దాన్ని ఇంకెవరూ కాల్చకుండా చూడటం.

అదే కాలంలో పక్కనున్న బ్రిటిష్ ఇండియాలో 1890లో జంతు హింస నిరోధక చట్టం వచ్చింది. అందులో ‘జంతువు’ అన్న మాటకి ఇచ్చిన నిర్వచనం ఆసక్తిగా ఉంటుంది: పెంపుడు జంతువు, లేదా పట్టుబడిన జంతువు. అడవిలో ఉన్న ఎలుగుబంటి ఆ చట్టానికి జంతువే కాదు. దాన్ని వలవేసి పట్టి, ముక్కుకి తాడు కట్టాక జంతువు అవుతుంది. కట్టేసినవాడు కొట్టకూడదని చట్టం చెప్పింది. కట్టేయొచ్చా అన్న ప్రశ్న వెయ్యలేదు.

ఆ ముక్కుతాడుని నేను చూశాను. తొంభైల మొదట్లో అచ్చంపేటలో మా అమ్మమ్మ వాళ్ల వీధికి గుడ్డెలుగుని ఆడించేవాళ్లు వచ్చేవాళ్లు. డమరుకం చప్పుడు వినగానే పిల్లలందరం బయటికి ఉరికేవాళ్లం. అది వెనక కాళ్లమీద లేచి నిలబడేది, సలాం కొట్టేది. మా అమ్మమ్మ రెండు రూపాయలిచ్చి ఎలుగు వెంట్రుకలు కొని తాయెత్తు కట్టించింది. మా తమ్ముణ్ని దాని వీపుమీద కూర్చోబెట్టి, “గట్టిగ పట్టుకో బిడ్డా, జడుపు పోతది” అన్నది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఎలుగు కదల్లేదు. ఎంత మంచి ఎలుగో అనుకున్నాం. పిల్లగా ఉన్నప్పుడే కాల్చిన ఇనుప చువ్వతో దాని మూతిని పొడిచి తాడు దూరుస్తారనీ, కోరలు పీకేస్తారనీ, పిల్లని పట్టుకోవాలంటే తరచూ తల్లిని చంపాల్సి వస్తుందనీ చాలా ఏళ్ల తర్వాత చదివాను. అచ్చంపేట నుంచి అడవి ఎంతో దూరం లేదు. అది పుట్టింది ఏ అడవిలోనో ఆ రోజు మేమెవరం అడగలేదు.

నిజానికి దాన్ని ఆపగలిగే చట్టం అప్పటికే ముప్పయ్యేళ్ల పాతది. రాజ్యసభ సభ్యురాలిగా రుక్మిణీదేవి అరండేల్ తెచ్చిన ప్రైవేటు బిల్లుతో కదిలిన వ్యవహారం 1960లో కొత్త జంతు హింస నిరోధక చట్టంగా వచ్చింది. మనిషి కాని ప్రాణి ఏదైనా ఇప్పుడు జంతువే. ‘బందీ జంతువు’ అన్న మాటకి కూడా విశాలమైన అర్థం ఇచ్చారు. బోనులో ఉన్నదే కాదు, పారిపోకుండా తాడో గొలుసో వేసింది, రెక్కలు కత్తిరించింది, అవిటిదాన్ని చేసింది కూడా బందీయే. ఇరవై రెండో సెక్షన్‌లో ఇంకో అధికారం ఉంది: ఫలానా జంతువుని ఆటలకోసం ఆడించకూడదని కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వొచ్చు.

ఆ అధికారాన్ని వాడటానికి 1991 దాకా పట్టింది. ఆ ఏడాది మార్చి 2న ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, కుక్కల్ని ఆడించడాన్ని నిషేధిస్తూ నోటిఫికేషన్ వచ్చింది. సర్కస్‌ల సమాఖ్య ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. మళ్లీ కమిటీ, మళ్లీ పరిశీలన. 1998 అక్టోబర్ 14న వచ్చిన రెండో నోటిఫికేషన్‌లో కుక్కలు పోయి సింహాలు చేరాయి. దానిమీద కేరళ హైకోర్టుకి వెళ్లారు. 2000 జూన్‌లో కోర్టు నిషేధాన్ని సమర్థించింది. ఆ తీర్పులో జడ్జీలు, ప్రాథమిక హక్కులు మనుషులకి ఉంటే జంతువులకి ఎందుకు ఉండకూడదని కూడా అడిగారు. 2001 మే 1న సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది.

దాని ఫలితాన్ని మీరు తెరమీద చూస్తూనే ఉన్నారు. 1977లో ‘అడవి రాముడు’ తీసినప్పుడు ఏనుగులు నిజమైన ఏనుగులు. 2022లో ‘ఆర్ఆర్ఆర్’లో భీమ్‌తో కలిసి లారీలోంచి దూకిన పులులూ చిరుతలూ కంప్యూటర్‌లో పుట్టాయి. ఇప్పటి సినిమాల్లో జంతువు కనపడగానే తెర మూల గ్రాఫిక్స్ అని ఒక చిన్న అక్షరాల ముక్క వస్తుంది. దాన్ని చూసి నవ్వుకుంటాం. ఆ అక్షరాల వెనక ముక్కుతాడు తెగిన చరిత్ర ఉంది.

మరి సర్కస్‌లో అప్పటికే ఉన్న పులులూ సింహాలూ ఏమయ్యాయి? వాటికోసం దేశంలో కొన్నిచోట్ల రెస్క్యూ సెంటర్లు పెట్టారు. తెలుగు నేలమీద రెండు: విశాఖలో ఇందిరాగాంధీ జూకి సంబంధించింది ఒకటి, తిరుపతి ఎస్వీ జూలో ఇంకోటి. సర్కస్ సింహాల్లో చాలావరకూ ఆఫ్రికా, ఆసియా జాతులు కలిసిపోయిన సంకరాలు. గిర్ అడవిలో వదలడానికి కుదరదు, జూలో సంతతి పెంచడానికీ పనికిరావు. అందుకని వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. తిండి పెట్టారు, వైద్యం చేశారు, ముసలితనం వచ్చి పోయేదాకా చూసుకున్నారు.

ఇక్కడే నాకు ముల్లు గుచ్చుకుంటుంది. శంషాబాద్ చిరుతకి చట్టం అడవినిచ్చింది. విశాఖ సింహానికి చట్టం ఇచ్చింది కొరడా లేని ముసలితనం, చివరి తరంగా పోయే అవకాశం. రెండూ రక్షణలే. కానీ బోనులో పుట్టిన జంతువుకి తిరిగి వెళ్లే ఇల్లు లేదు. బోను తలుపు తీసినా బయట ఇంకో పెద్ద బోనే ఉంటుంది. బంధించడం అనే తప్పుని ఆపొచ్చు గానీ, ఒకసారి జరిగాక వెనక్కి తిప్పడం కుదరదని ఆ సింహాలు చెప్పాయి. కారణం ముందే రాయమనడంలో అర్థం ఇదే. తర్వాత రాస్తే లాభం లేదు.

ఎలుగుల విషయంలో ఇంకో లెక్క కూడా తేల్చాల్సి వచ్చింది. ఆడించేవాళ్లలో ఎక్కువమంది ఖలందర్లు. తరాలుగా వాళ్ల కూడు అదే. ఎలుగుని లాక్కుని మనిషిని జైల్లో వేస్తే వాడి పిల్లలేం తినాలి? వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ అనే సంస్థ 2002లో ఆగ్రాలో ఎలుగుల కేంద్రం మొదలుపెట్టినప్పుడు, ఎలుగుని అప్పగించిన కుటుంబానికి వేరే బతుకుతెరువుకి సాయం చేసే పద్ధతి పెట్టుకుంది. 2009 డిసెంబర్‌లో రాజు అనే ఎలుగు బెంగళూరు పక్కన బన్నేరుఘట్టకి చేరింది. దేశంలో చివరి ఆటల ఎలుగు అదేనని ఆ సంస్థ ప్రకటించింది. చట్టం 1998లో వద్దంది. పదకొండేళ్ల తర్వాత ఆట ఆగింది. మధ్యలో పనిచేసింది మనిషి కడుపు గురించి ఆలోచించినవాళ్లు. ఎలుగుకి వేసిన తాడు రెండో కొస ఒక పేదవాడి చేతిలో ఉందని మర్చిపోతే ఏ చట్టమైనా కాగితం మీదే ఉంటుంది.

బోను ఎప్పుడూ క్షేమం కూడా కాదు. 2000 అక్టోబర్‌లో ఒక రాత్రి మన హైదరాబాద్ నెహ్రూ జూలోకి దుండగులు చొరబడ్డారు. సఖి అనే పడుచు ఆడపులిని దాని ఎన్‌క్లోజర్‌లోనే చంపి, చర్మం ఒలుచుకుపోయారు. అడవిలో పులికి పారిపోయే దారి ఉంటుంది. సఖికి లేదు. బంధించినవాడి మీద కాపాడే బాధ్యత రెట్టింపు అవుతుందని ఆ రాత్రి చెప్పింది. చట్టంలో ‘వేట’ అన్న మాటకి 2003 సవరణ ఇచ్చిన నిర్వచనంలో ‘అడవి జంతువు’ పక్కనే ‘బందీ జంతువు’ని చంపడం కూడా విడిగా కనపడుతుంది. జూలో చంపినా అది వేటే.

అడవికీ బోనుకీ మధ్యలో ఇరుక్కున్నవి కూడా ఉంటాయి. 2023 మార్చిలో అమ్రాబాద్‌కి అవతల, కృష్ణ దాటాక, నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు ఆడపులి పిల్లలు ఊరివాళ్లకి దొరికాయి. అటవీశాఖ వాటిని తల్లి దగ్గరికి చేర్చాలని రోజుల తరబడి ప్రయత్నించింది. తల్లి జాడ కోసం కెమెరాలు పెట్టారు, అడుగుల ముద్రలు వెతికారు. కుదరక తిరుపతి జూకి తరలించారు. అప్పుడందరూ దాన్ని ఓటమిలా చూశారు. నాకు అందులో ఒక మంచి మార్పు కనిపించింది. ముప్పయ్యేళ్ల కింద నాలుగు పులిపిల్లలు దొరికితే జూకి పండగే. ఇప్పుడు జూ అన్నది అన్ని దారులూ మూసుకుపోయాక తట్టే తలుపు.

ఇదంతా చదివి చట్టం గెలిచిందనుకోకండి. 1960 చట్టంలో జంతువుని హింసిస్తే మొదటి తప్పుకి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఇప్పటికీ అంతే, మా అమ్మమ్మ ఎలుగుకిచ్చిన రెండు రూపాయల కాలం నుంచీ మారలేదు. ఇంకోవైపు, 2022 సవరణ తర్వాత రామచిలక షెడ్యూల్ రెండులో ఉంది. దాన్ని పట్టి పంజరంలో పెడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. అయినా గుడి ముందు చిలకజోస్యం చెప్పే మనిషి పంజరం తెరిచి, చిలకతో కార్డు తీయించి, గింజ పెట్టి మళ్లీ లోపలికి పంపుతూనే ఉంటాడు. మనం నవ్వుతూ మన జాతకం వింటూనే ఉంటాం. చట్టం జంతువు జాతిని చూసి శిక్ష వేస్తుంది, నొప్పిని చూసి కాదు. అడవి జాతికి లక్ష, పెంపుడు గాడిద వీపుమీద పుండుకి యాభై.

కోర్టులు కూడా ముందుకీ వెనక్కీ నడుస్తున్నాయి. 2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు జంతువులకి గౌరవంగా బతికే హక్కు ఉందనేదాకా వెళ్లింది. 2023 మేలో అదే కోర్టు రాజ్యాంగ ధర్మాసనం జల్లికట్టుని అనుమతించే రాష్ట్ర చట్టాల్ని సమర్థించింది, జంతువులకి ప్రాథమిక హక్కులున్నాయని చెప్పడానికి ఒప్పుకోలేదు. హక్కు అన్న పెద్ద మాట ఇంకా తేలలేదు. కారణం రాయమన్న చిన్న మాట మాత్రం పని చేస్తోంది.

శ్రీశైలం హైవే మీద మన్ననూర్ చెక్‌పోస్ట్ దగ్గర రాత్రి తొమ్మిదింటికి గేటు వేసేస్తారు. మళ్లీ పొద్దున ఆరింటిదాకా బండ్లు పోనివ్వరు. ఒకసారి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లి అక్కడే ఆగిపోయాను. నాతోపాటు ఆగినవాళ్లు గొణుక్కున్నారు. “జంతువుల కోసం మనల్ని ఆపుడేందన్నా?” అన్నాడు ఒకాయన. జవాబు చెప్పలేదు గానీ, ఆ మాట చాలాసేపు నాతో ఉంది. ఎన్నో వందల ఏళ్లు వాటిని ఆపి, ఎందుకని ఒక్క కారణం కూడా చెప్పనివాళ్లం. మనల్ని ఒక్క రాత్రి ఆపేసరికి కారణం అడుగుతున్నాం.

గేటు అవతల చీకటిగా ఉంది. ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చిన చిరుత అందులోనే ఎక్కడో ఉండొచ్చు.