కేళీ మొక్కలకు ఒక చిట్టా



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని సంపాదకవర్గం వారు కోరారు. పే రివిజన్ల చరిత్ర, పెన్షన్ పోరాటాల చరిత్ర రాయడానికి నాకంటే సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. నేను 1976లో ఒక వరి పరిశోధన క్షేత్రంలో ఫీల్డ్ అసిస్టెంటుగా చేరి, 2014లో పదవీ విరమణ చేసేవరకు మళ్లలోనే తిరిగినవాణ్ణి. కాబట్టి నాకు తెలిసిన చరిత్రే రాస్తాను.

వ్యవసాయం తెలిసిన కుటుంబాలవారికి కేళీ అంటే చెప్పనక్కరలేదు. మడిలో నలుగురితో పాటు కాకుండా పొడవుగానో, పొట్టిగానో, ముందుగా ఈనో కనిపించే వేరు రకం మొక్క. విత్తనం కల్తీ కాకూడదంటే కేళీలు ఏరి పారేయాలి. ఉద్యోగంలో చేరగానే నాకు నేర్పిన మొదటి పని అదే. కొన్నేళ్లకు మరో మడి దగ్గర నిలబెట్టి, "ఇక్కడ తేడాగా ఉన్న మొక్కను పీకవద్దు, రాసుకో" అన్నారు. అది ఉత్పరివర్తన మొక్కల మడి.

జీవకణంలోని జన్యువులో కలిగే మార్పునే ఉత్పరివర్తనం, ఇంగ్లీషులో మ్యుటేషన్ అంటారు. ఎక్స్‌రే కిరణాలతో ఇటువంటి మార్పులు తెప్పించవచ్చని 1927లో ముల్లర్ ఈగలలోనూ, 1928లో స్టాడ్లర్ బార్లీలోనూ నిరూపించారు. తరువాత గామా కిరణాలు, ఇ.ఎం.ఎస్. అనే రసాయనం వాడుకలోకి వచ్చాయి. విత్తనాన్ని ఆ ద్రావణంలో నానబెట్టి నాటితే మొదటి తరంలో మార్పు సాధారణంగా బయటపడదు. జన్యువుకు రెండు ప్రతులుంటాయి, చెడినది ఒకటే. ఆ మొక్క గింజలను మళ్లీ నాటినప్పుడు, రెండు ప్రతులూ చెడిన కొద్ది మొక్కలలో తేడా కనిపిస్తుంది. అందుకే రెండో తరం మడిలో మా కళ్లకు పని ఎక్కువ.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. 1984 ఖరీఫ్‌లో కాలువ నీరు ఆగిపోయి మడులు నెర్రెలిచ్చాయి. వరుసలన్నీ వాడిపోతుంటే ఒక్క దుబ్బు పచ్చగా నిలబడింది. దాన్ని ముందు చూసింది నేను కాదు, కలుపు తీస్తున్న ఒక కూలీ తల్లి. "అయ్యా, ఇది సావటంలేదు చూడండి" అని పిలిచింది. నేను ఫీల్డ్ బుక్‌లో ఆ నంబరు ఎదురుగా "బాగుంది" అని రాశాను. రెండేళ్ల తరువాత ఆఫీసరుగారు ఆ మొక్క విత్తనం అడిగారు. గోదాములో కొన్ని పొట్లాల మీది చీటీలు చెదలు తినేశాయి. ఫీల్డ్ బుక్ తిరగేస్తే "బాగుంది" అన్న మాట యాభై చోట్ల ఉంది. ఎండకు ఆగిందా, కంకి పెద్దదా, తెగులు రాలేదా, ఏ బాగో నాకే తెలియలేదు. ఆ మొక్క అలా పోయింది.

తరువాత కాలంలో ప్రపంచమంతటా శాస్త్రవేత్తలకు ఎదురైన సమస్య కూడా ఇదే. జపాన్ నాయకత్వంలో పది దేశాలు కలిసి వరి జన్యుపటాన్ని చదవడం 2004 డిసెంబరులో పూర్తిచేసి, 2005 ఆగస్టులో ప్రచురించాయి. పదకొండవ క్రోమోజోములో కొంతభాగం మన దేశం చదివింది. అందులో సుమారు 37,500 జన్యువులున్నాయని అంచనా వేశారు. అక్షరాలైతే చదివారు గాని, ఏ జన్యువు ఏ పని చేస్తుందో తెలియాలి. అది తెలియడానికి ఒక మార్గం, ఆ జన్యువు చెడిన మొక్కను చూడటం. వేల మొక్కలు కావాలి, వాటిలో కావలసినదాన్ని క్షణంలో వెతికి తీసే చిట్టా కావాలి.

జపాన్‌వారు నిప్పన్‌బారె రకంలో, టాస్-17 అనే చోటు మారే జన్యుఖండం సాయంతో దాదాపు 50 వేల వంశాలు తయారుచేసి, ఒక్కొక్కదాన్ని పొలంలో చూసి లక్షణాలు నమోదు చేశారు. చైనాలోని ఊహాన్, కొరియా, ఫ్రాన్స్, తైవాన్‌లలో కూడా ఇటువంటి భాండాగారాలు వెలిశాయి. మన దేశంలో ఎండకూ, నీటి ఎద్దడికీ తట్టుకునే నగీనా-22 రకాన్ని ఎంచుకుని ఇ.ఎం.ఎస్.తో 22 వేలకు పైగా వంశాలు తయారుచేశారు. ఢిల్లీ, కోయంబత్తూరు, బెంగళూరు కేంద్రాలతో పాటు మన రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కూడా అందులో పాలుపంచుకుంది.

కంప్యూటర్ చిట్టాలో ప్రతి మొక్కకూ ఒక నంబరు ఉంటుంది. తల్లి రకం, వాడిన మందు, ఏ తరం, లక్షణాలు, ఫోటో, విత్తనం నిల్వ, అన్నీ ఆ నంబరు కింద చేరతాయి. అసలు కష్టం మాటల దగ్గరే వచ్చింది. ఒకరు "పొట్టి" అని, ఒకరు "గిడ్డ" అని, మరొకరు "కురచ" అని రాస్తే యంత్రానికి అవి మూడు వేర్వేరు మొక్కలు. కనుక ఒక లక్షణానికి ఒకే మాట, కొలవగలిగినచోట సెంటీమీటర్లు, తక్కినచోట 1 నుంచి 9 వరకు మార్కులు అని కట్టుబాటు పెట్టుకున్నారు. సర్వీసు చివరి రోజుల్లో ఒక శిక్షణ తరగతిలో ఈ సంగతి విన్నప్పుడు, 1984 నాటి నా "బాగుంది" గుర్తుకొచ్చి తల దించుకున్నాను.

ఈ శ్రమకు ఫలం దక్కింది. నగీనా-22 వంశాలలో ఇమాజెథాపిర్ అనే కలుపుమందుకు చావని మొక్క ఒకటి దొరికింది. దానికి 'రాబిన్' అని పేరు. దాని గుణాన్ని బాస్మతిలోకి తెచ్చి పూసా బాస్మతి 1979, 1985 రకాలను 2021లో విడుదల చేశారు. నాట్లు లేకుండా నేరుగా విత్తే రైతుకు కలుపే పెద్ద శత్రువు కదా. వేల మొక్కలలో ఆ ఒక్కదానికీ నంబరు తప్పకుండా ఉండబట్టే ఇది సాధ్యమైంది.

విత్తనం ఉండి రాత లేకపోతే అది ఉత్త గింజ. రాత ఉండి విత్తనం లేకపోతే అది ఉత్త కాగితం. రెండూ కలిస్తేనే చరిత్ర. క్షేత్రాలలో పనిచేసి రిటైరైన మిత్రులకు ఒక మనవి. మీ ట్రంకుపెట్టెల్లో పాత ఫీల్డ్ బుక్కులు ఉంటే పాత పేపర్లవాడికి వేయకండి. మీరు పనిచేసిన కేంద్రానికి అప్పగించండి. పిల్లలకు కూడా ఈ మాట చెప్పి ఉంచండి.

చిట్టాలో మొక్కను ముందు గుర్తుపట్టినవారి పేరుకు గడి ఉన్నట్టు నేను చూడలేదు. నాడు నన్ను పిలిచిన ఆ తల్లి మస్టరు రోల్‌లో వేలిముద్ర వేసిన మనిషి. ఆమె చూసింది, నేను సరిగా రాయలేదు. కనీసం ఈ సంచికలోనైనా ఆ మాట నమోదు కావాలని ఈ వ్యాసం రాశాను.