ఆత్మకూరు - శ్రీశైలం కాలిబాట

ఆత్మకూరు - శ్రీశైలం కాలిబాట నంద్యాల జిల్లా (2022 వరకు కర్నూలు జిల్లా) ఆత్మకూరు నుండి నల్లమల అడవుల గుండా శ్రీశైల క్షేత్రానికి చేరే ప్రాచీన యాత్రామార్గము. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం ఇందులోని ముఖ్యమైన మజిలీలు. దోర్నాల మీదుగా బస్సులు నడుస్తున్నప్పటికీ మహాశివరాత్రికి, ఉగాదికి వేలాది భక్తులు ఈ దారినే కాలినడకన వెళ్తారు.

చరిత్ర

శ్రీశైలానికి మెట్లు కట్టించిన వారిలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి ప్రసిద్ధుడు. 1830 మే 18న చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఆత్మకూరు మీదుగానే శ్రీశైలం వెళ్ళి, ఆ ప్రయాణాన్ని తన కాశీయాత్ర చరిత్రలో నమోదు చేశాడు. అప్పట్లో ఈ ప్రాంతం కందనూరు (కర్నూలు) నవాబు ఏలుబడిలో ఉండేది. నవాబు యాత్రికుల నుండి పన్ను వసూలు చేసేవాడు. అయితే అడవిలో యాత్రికులకు అసలైన రక్షణ చెంచులే. దారి చూపి, దొంగల నుండి, మృగాల నుండి కాపాడినందుకు వారు రుసుము తీసుకునేవారు. ఈ బాటకు తొలి సంరక్షకులు వీరేనని చెప్పవచ్చు.

సేవా బృందాలు

ఉగాదికి నడిచేవారిలో అధికులు కర్ణాటక వీరశైవులు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి చీర, పసుపు, కుంకుమ తెస్తారు. కొందరు మరగాళ్ళపై నడుస్తూ వస్తారు. ఉగాది నాటికి వాగులు ఎండిపోతాయి గనుక ఈ దారిలో అన్నిటికన్నా పెద్ద సమస్య నీరు. భక్త బృందాలు, చుట్టుపక్కల గ్రామస్థులు స్వచ్ఛందంగా చలివేంద్రాలు, అన్నదాన శిబిరాలు నడుపుతారు. వీరి సేవ లేనిదే వృద్ధులు భీముని కొలను లోయ దిగి మరల ఎక్కడం కష్టమే.

అడవి సంరక్షణ

ఈ అడవి 1978లో అభయారణ్యముగా, 1983లో ప్రాజెక్టు టైగర్ పరిధిలోకి వచ్చింది. 3,568 చ.కి.మీ. విస్తీర్ణంతో నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యం అప్పట్లో దేశంలోకెల్లా పెద్దది. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ భాగం అమ్రాబాద్ అభయారణ్యమయింది. యాత్రాకాలం, కార్చిచ్చుల కాలం ఒకటే కావడం ఇక్కడి చిక్కు. ఆరని పొయ్యి ఒక్కటి చాలు, ఎండుగడ్డి అంటుకోవడానికి. ప్లాస్టిక్ సంచులు మరొక బెడద. వాటిని జింకలు తింటాయి.

అడవిని కాపాడే పనిలో అటవీశాఖ చెంచు యువకులను కూడా కాపలాదారులుగా నియమించింది. పులుల అడుగుజాడలను గుర్తించడంలో వీరికి సాటిలేరు. ఒకప్పుడు యాత్రికుల వద్ద రుసుము తీసుకున్న వారి వంశీకులు నేడు అదే అడవిలో దినకూలీపై కాపలా కాస్తున్నారు. వేటపై నిషేధం, గూడేల తరలింపు ప్రతిపాదనలు చెంచులలో ఆందోళన కలిగించాయి. 2006 అటవీ హక్కుల చట్టం వారి నివాస హక్కును గుర్తించింది.

పండుగ రోజులలో తప్ప అటవీశాఖ అనుమతి లేకుండా ఈ దారిలో ప్రవేశించరాదు.