రంగుకు ముందు వదిలే నీళ్లు: ధర్మవరం పట్టు అద్దకం, కాలుష్య అనుమతుల తీరు

శ్రీసత్యసాయి జిల్లాలోని గాండ్లపెంట అన్న ఊరి పేరులో గానుగ చప్పుడు వినిపిస్తుంది. నూనె ఆడించే వృత్తివారే గాండ్లవారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016లో పరిశ్రమలను కాలుష్యాన్ని బట్టి ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు అని విడదీసినప్పుడు, రిఫైనింగ్ జోలికి పోని గానుగకు ఆకుపచ్చ దక్కింది. ఆ 2016 జాబితాలో కాలుష్య సూచిక 60 గానీ అంతకు మించి గానీ ఉంటే ఎరుపు, 20 దాటకపోతే తెలుపు అన్నారు. ఆ కొలతను అదే జిల్లాలోని ధర్మవరానికి తీసుకెళ్తే చిక్కు మొదలైంది. అద్దకం లేని చేమగ్గానికి తెలుపు ఇచ్చారు. ఆ మగ్గానికి పట్టు దారం పంపే అద్దకం షెడ్డుకు ఎరుపు. ఇదే జిల్లాలో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్ల ఉత్పత్తి మొదలైంది. ఆ 2016 జాబితా ప్రకారం సమగ్ర వాహన తయారీకి కూడా ఎరుపే. రెండు మూడు పొయ్యిలున్న షెడ్డుకూ, ఏడాదికి లక్షల కార్లు చేయగల కర్మాగారానికీ ఒకటే రంగు!

ఇది తప్పని నేను అనను. వర్గీకరణ చూసేది పని స్వభావాన్ని. పరిమాణాన్ని అనుమతి పత్రంలోని షరతులు చూసుకోవాలి. 1974 నీటి చట్టం 25వ సెక్షన్ కింద ముందు స్థాపనకు, తర్వాత నిర్వహణకు రాష్ట్ర మండలి అనుమతి తీసుకోవాలి. వాడుకలో సీఎఫ్ఈ, సీఎఫ్ఓ అనేవి ఇవే. నా అభ్యంతరం ఆ షరతులు దేన్ని కొలుస్తున్నాయన్న దాని మీద.

అద్దకం మీద ఫిర్యాదు వచ్చేది కాలువలో రంగు కనిపించినప్పుడు. పట్టు విషయంలో బరువైన మురికి అంతకు ముందే వెళ్లిపోయి ఉంటుంది. ముడిపట్టును సబ్బు, సోడా కలిపిన వేడినీళ్లలో ఉడకబెట్టి జిగురు తీస్తారు. ఆ జిగురు సెరిసిన్ అనే మాంసకృత్తి. ముడిపట్టు బరువులో సుమారు నాలుగో వంతు అదే. నెలకు 100 కిలోల ముడిపట్టు ఉడికించే షెడ్డు ఉందనుకుంటే, దాదాపు 25 కిలోల మాంసకృత్తి నీళ్లలో కలుస్తుంది. అది కుళ్లడానికి నీటిలోని ప్రాణవాయువును వాడుకుంటుంది. చూడ్డానికి మాత్రం ఆ నీళ్లు బట్టలుతికిన నీళ్లలా ఉంటాయి కాబట్టి వాటి గురించి పెద్దగా గొడవ చేసేవారుండరు.

ఇక్కడే తమిళనాడులోని తిరుప్పూరు పాఠాన్ని జాగ్రత్తగా చదవాలి. నొయ్యల్ నది కాలుష్యంపై 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు, చుక్క మురుగు కూడా బయటికి వదలని స్థితికి వచ్చేదాకా అక్కడి అద్దకం యూనిట్లను మూసేయమంది. అక్కడిది నూలు బట్ట. దానికి వాడే రియాక్టివ్ రంగులు పట్టాలంటే ఉప్పు కుప్పలుగా పోయాలి; కరిగిన లవణాన్ని సూక్ష్మజీవులతో చేసే శుద్ధి తీయలేదు. అందుకే అక్కడ మురుగునీటిని ఆవిరి చేసి లవణాన్ని వేరుచేసే ఖరీదైన యంత్రాలు కావలసి వచ్చాయి. పట్టుకు ఎక్కువగా వాడేవి ఆసిడ్ రంగులు, వాటికి ఉప్పు అవసరం తక్కువ. ధర్మవరం షెడ్ల మీద తిరుప్పూరు యంత్రాలను రుద్దితే షెడ్డు మూతపడుతుంది తప్ప జిగురు సమస్య తీరదు. జిగురునీళ్లను రంగునీళ్లతో కలపకుండా విడిగా పట్టి, వాటికి తగిన శుద్ధి చేయడం చవక. సెరిసిన్‌కు సౌందర్య సాధనాల్లో గిరాకీ కూడా ఉంది. అయితే ఖర్చెవరిది? షెడ్డువాడు కూలికి అద్దుతాడు, పట్టు మాత్రం నేత పని చేయించే మాస్టర్ వీవర్‌ది. అనుమతి పత్రం మీద పేరు షెడ్డువాడిదే. ఇది న్యాయంగా లేదు.

2016 అక్టోబరులో కేంద్రం సవరించిన వస్త్ర పరిశ్రమ ప్రమాణాల ప్రకారం లీటరు వ్యర్థజలంలో బీఓడీ (సూక్ష్మజీవులు మురికిని కుళ్లబెట్టడానికి వాడుకునే ప్రాణవాయువు) 30 మిల్లీగ్రాములు, సీఓడీ (ఆ మురికిని రసాయనికంగా విడగొట్టడానికి కావలసిన ప్రాణవాయువు) 250 మిల్లీగ్రాములు మించకూడదు. లీటరు లెక్క పారే నదికి సరిపోతుంది. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ. ధర్మవరం దగ్గరి చిత్రావతి నది ఎక్కువ నెలలు ఇసుకే. వదిలిన నీళ్లను పలుచన చేసే ప్రవాహం లేదు, అవి కిందికి ఇంకి బోర్లకే చేరతాయి. చిత్రంగా, చట్టం రాసినవాళ్లు దీన్ని ముందే ఊహించారు. నీటి చట్టం 2వ సెక్షన్‌లో 'ప్రవాహం' అన్న మాటకిచ్చిన నిర్వచనంలో పారే కాలువతోపాటు అప్పటికి ఎండి ఉన్న కాలువ, భూగర్భజలం కూడా ఉన్నాయి. ఎండిన చిత్రావతి చట్టం దృష్టిలో నదే.

అలాంటప్పుడు ఇక్కడి నిర్వహణ అనుమతిలో లీటరుకు ఇంత అన్న పరిమితి పక్కనే, రోజుకు మొత్తం ఇన్ని కిలోలు అన్న పరిమితి కూడా ఉండాలి. దరఖాస్తులో షెడ్డువాణ్ని రెండు మాటలు అడిగితే ఆ లెక్క తేలుతుంది: నెలకు ఎన్ని కిలోల ముడిపట్టు ఉడికిస్తావు, ఉడికించిన నీళ్లు ఎక్కడ పోస్తావు?