అవకాడో కథ: కాయ మనది సరే, మిగులు ఎవరిది?



మన ఏజెన్సీ కాఫీ తోటల్లో కొందరు అవకాడో మొక్కలు వేస్తున్నారు. రేటు గురించి అందరూ చెప్తున్నారు గానీ, ఈ పండు చరిత్ర ఎవరూ చెప్పట్లేదు. అందులో మనకు పనికొచ్చే సంగతులున్నాయి.

అవకాడో పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. ప్వెబ్లా రాష్ట్రంలోని కోష్కాట్లాన్ గుహ తవ్వకాల్లో వేల ఏళ్లనాటి అవకాడో గింజలు దొరికాయి. మంచి కాయ కాసే చెట్టు చూసి, గింజ దాచి, నాటి, తరతరాలుగా దాన్ని పెంచింది అక్కడి ఆదివాసులే. నహువా భాషలో పేరు అహువాకట్ల్. స్పానిష్ వాళ్ల నోట్లో పడి ఆ పేరు మారిపోయింది.

ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా అమ్మేది హాస్ రకం. కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మ్యాన్ తోటలో మొలిచిన చెట్టు అది. 1935లో పేటెంట్ తీసుకున్నాడు. ఆయనకీ పెద్దగా మిగల్లేదు. ఒక మొక్క కొన్నవాళ్లు దాన్నుంచే అంట్లు కట్టుకున్నారు.

అమెరికా 1914లో గింజ పురుగు పేరు చెప్పి మెక్సికో కాయను ఆపేసింది. 1997లో మళ్లీ కొంత తలుపు తీసింది. గిరాకీ పెరిగేకొద్దీ మిచోవాకాన్ రాష్ట్రంలో పైన్ అడవులు పోయి తోటలొచ్చాయి. అదే రాష్ట్రంలో చెరాన్ అనే పురెపెచా ఆదివాసుల ఊరుంది. 2011 ఏప్రిల్ 15 తెల్లవారుజామున ఆ ఊరి ఆడవాళ్లు ముందు నిలబడి, అడవి నరికేవాళ్ల లారీలు ఆపారు. తర్వాత పార్టీలను పక్కన పెట్టి, సొంత మండలితో ఊరు నడుపుకుంటున్నారు. అడవిలో మళ్లీ పైన్ మొక్కలు నాటారు.

ఇక మిగులు కాయ సంగతి. అవకాడో చెట్టు మీద మెత్తబడదు, కోశాకే పండుతుంది. కోశాక ఎక్కువ రోజులు ఆగదు. మచ్చ పడినవి, చిన్నవి షావుకారు పక్కన పడేస్తాడు, లేదా అడిగిన రేటుకి ఇవ్వమంటాడు. న్యూజిలాండ్‌లో 1990ల చివర దీనికో దారి దొరికింది. ఎగుమతికి పనికిరాని కాయల గుజ్జును గోరువెచ్చగా కలియబెట్టి, గిర్రున తిరిగే యంత్రంలో నూనె వేరు చేశారు. తర్వాత కెన్యాలో చిన్న రైతుల కాయ కూడా ఇలా నూనె అవుతోంది.

మన ఇప్పనూనె గింజలోంచి వస్తుంది. ఎండబెట్టి దాచుకుని, తీరికగా గానుగాడించుకోవచ్చు. అవకాడో నూనె గుజ్జులోంచి రావాలి, గుజ్జేమో దాస్తే నల్లబడిపోతుంది. కాబట్టి యంత్రం తోటలకు దగ్గర్లోనే ఉండాలి. ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు, పది ఊళ్లు కలవాలి.

అదే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. బొర్రా వైపు గనుల లీజుల మీద మొదలైన కేసది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని తేల్చింది. భూమి కోసం మన పెద్దోళ్లు అంత కొట్లాడారు. కానీ భూమి మనదై, రేటు మాత్రం వేరేవాళ్లదైతే మిగిలేది కూలే.

అందుకే మొక్క నాటేముందే ఊళ్లో రెండు విషయాలు తేల్చుకుందాం. దీనికోసం అడవి చెట్టు ఒక్కటీ కొట్టకూడదు. రెండోరకం కాయను ఎవరు కొంటారు, ఏ రేటుకి? జవాబు లేకపోతే నూనె యంత్రం సంగతి మనమే, ఇప్పుడే మాట్లాడుకోవాలి. మీ ఊళ్లో ఎంతమంది వేశారో కింద రాయండి.