విదేశీ విద్యకు వేతనం: డబ్బు ఎవరిది, షరతు ఏమిటి?



ఉపకారవేతనం అనగానే ఎంత ఇస్తారు, ఎన్నాళ్లు ఇస్తారు, ఎవరికి ఇస్తారు అని అడుగుతాం. ఇవి అడగవలసిన ప్రశ్నలే. అయితే చరిత్ర చదివేవారు మరో రెండు ప్రశ్నలు కూడా వేసుకోవాలి. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? దాని వెంట ఏ షరతు వచ్చింది? ఈ పాఠంలో మూడు ఉదాహరణలతో వీటికి జవాబు వెతుకుదాం. రేపు మీలో ఎవరైనా ఇలాంటి దరఖాస్తు నింపవలసివస్తే ఈ చరిత్ర మీకు పనికివస్తుంది.

సంస్థానం ఇచ్చిన మూడేళ్లు

1913లో బరోడా సంస్థానం భీమ్‌రావ్ అంబేడ్కర్‌కు అమెరికాలో చదువుకోవడానికి నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లపాటు వేతనం మంజూరు చేసింది. చదువు ముగిశాక పదేళ్లు సంస్థానంలో ఉద్యోగం చేయాలన్నది షరతు. ఆయన న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి 1915లో ఎం.ఎ. పూర్తిచేశారు. 1916లో లండన్ వెళ్లి అక్కడ అర్థశాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టారు. పని సగంలో ఉండగానే వేతనం గడువు తీరింది. 1917లో తిరిగి రాక తప్పలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. అంబేడ్కర్ షరతుకు కట్టుబడి బరోడాలో ఉద్యోగంలో చేరారు. కాని ఆ ఊళ్లో ఆయనకు ఉండటానికి ఇల్లు దొరకలేదు. తలదాచుకున్న పార్సీ సత్రం నుంచి కూడా కులం కారణంగా వెళ్లగొట్టారు. చదివించిన ఊరే నిలవనీయకపోతే ఒప్పందం నెరవేరేది ఎలా? వేతనం మనిషిని విశ్వవిద్యాలయం దాకా తీసుకువెళ్లగలదు గాని, తిరిగి వచ్చాక అతన్ని ఆదరించే సమాజాన్ని తయారుచేయలేదు.

ఆ తరువాత ఆయన బొంబాయిలో అధ్యాపకుడిగా పనిచేసి, కొంత కూడబెట్టి, కొంత అప్పు తెచ్చి, కొల్హాపూర్ పాలకుడు షాహూ మహారాజ్ సాయంతో 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. 1923లో డి.ఎస్‌సి. పట్టా పొందారు. మధ్యలో ఆగిన పరిశోధన పూర్తికావడానికి ఆరేళ్లు పట్టింది.

కాకినాడ ధర్మనిధి

రెండో ఉదాహరణ మన తెలుగువాడిదే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికాలోని బోస్టన్ చేరారు. ఆయన ప్రయాణం వెనుక ప్రభుత్వమూ లేదు, సంస్థానమూ లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం, మామగారి ఇంటి ఆసరా ఉన్నాయి. అవి సముద్రం దాటించాయి గాని అక్కడి ఖర్చులన్నిటికీ చాలలేదు. ఆయన ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆ పద్ధతి ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో వాడుకలోకి వచ్చింది.

ఆయన పట్టుదలను మెచ్చుకోవలసిందే. కాని ఒక్క క్షణం ఆలోచించండి. అలా రాత్రిళ్లు పనిచేసి నిలదొక్కుకోలేక వెనుదిరిగినవారి పేర్లు చరిత్రలో మిగలవు. వేతనం చాలకపోతే ఆ లోటును విద్యార్థి శరీరమే పూడ్చాలి.

యుద్ధ సామగ్రి నుంచి చదువు

మూడో ఉదాహరణ రెండో ప్రపంచయుద్ధం తరువాతది. యుద్ధం ముగిసేసరికి అమెరికా సైన్యపు వాహనాలు, యంత్రాలు, సామగ్రి అనేక దేశాల్లో మిగిలిపోయాయి. వాటిని వెనక్కి తీసుకుపోవడం ఖర్చుతో కూడిన పని. కొనుక్కునే దేశాల దగ్గర డాలర్లు లేవు. అప్పుడు ఆర్కన్సా రాష్ట్రానికి చెందిన సెనేటర్ విలియం ఫుల్‌బ్రైట్ ఒక ఉపాయం చెప్పారు. ఆ సామగ్రిని ఆయా దేశాల సొంత నాణేలకే అమ్మి, వచ్చిన సొమ్ముతో విద్యార్థులను, అధ్యాపకులను ఇచ్చిపుచ్చుకుందామన్నారు. ఆయన స్వయంగా రోడ్స్ వేతనంపై ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు. ఆ చట్టంపై అధ్యక్షుడు ట్రూమన్ 1946 ఆగస్టు 1న సంతకం చేశారు.

భారతదేశంతో ఒప్పందం 1950 ఫిబ్రవరి 2న కుదిరింది. మన తరఫున ప్రధాని నెహ్రూ, అమెరికా తరఫున రాయబారి లాయ్ హెండర్సన్ సంతకాలు చేశారు. ఎంపిక వ్యవహారం చూడటానికి రెండు దేశాల సభ్యులతో ఒక మండలి ఏర్పడింది.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఆ నిధి రూపాయల్లో ఉండేది. రూపాయలతో ఓడ టికెట్ కొనవచ్చు గాని అమెరికాలో అద్దె కట్టలేం. అందువల్ల తొలి రోజుల్లో ఇక్కడి నుంచి వెళ్లేవారికి ఈ నిధి ప్రయాణ ఖర్చు మాత్రమే భరించేది. అక్కడి ఫీజుకు, భోజనానికి డాలర్ల ఏర్పాటు వేరే చోటి నుంచి జరగాలి. సుబ్బారావుగారి ఇబ్బందే మరో రూపంలో ఇక్కడా కనిపిస్తుంది.

1951లో ఆహార కొరత వచ్చినప్పుడు మనం గోధుమల కోసం అమెరికా నుంచి 19 కోట్ల డాలర్ల అప్పు తీసుకున్నాం. దానిపై మనం కట్టిన వడ్డీలో 50 లక్షల డాలర్ల వరకు రెండు దేశాల విద్యా వినిమయానికి, పుస్తకాలకు, శాస్త్ర పరికరాలకు కేటాయించారు. ఆ పుస్తకాలు దానంగా వచ్చినవి కావు, మనం తిన్న గోధుమల వడ్డీతో వచ్చినవి.

2008లో కొత్త ఒప్పందం జరిగింది. భారత ప్రభుత్వం సమాన భాగస్వామిగా నిధి ఇవ్వడానికి ముందుకొచ్చింది. ఆ వేతనాలకు ఫుల్‌బ్రైట్–నెహ్రూ అనే పేరు వచ్చింది. డబ్బు వేసినవారికి ఎంపికలో మాట ఉంటుంది. అయితే ఎంపిక ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న ఇప్పటికీ తీరలేదు. 2025 జూన్‌లో ఈ కార్యక్రమపు అమెరికా పర్యవేక్షక మండలి సభ్యులు దాదాపు అందరూ, ఎంపికల్లో ప్రభుత్వం జోక్యం చేసుకుంటోందని నిరసిస్తూ రాజీనామా చేశారు.

దరఖాస్తుదారుకు పాఠం

ఈ మూడు కథల నుంచి మీరు ఏమి నేర్చుకోవచ్చు?

మొదటిది గడువు. ఇచ్చిన కాలంలో పూర్తికాగల పనినే ప్రతిపాదించండి. తొమ్మిది నెలల వేతనానికి మూడేళ్ల పరిశోధన రాస్తే పరీక్షకులు నమ్మరు. నమ్మినా నష్టపోయేది మీరే.

రెండోది లెక్క. ప్రయాణం, ఫీజు, అద్దె, బీమా, పుస్తకాలు, వీటిలో నిధి దేనిని భరిస్తుందో, దేనిని భరించదో కాగితంపై విడివిడిగా రాసుకోండి. వేతనం ఏ దేశపు నాణెంలో వస్తుందో చూడండి. వెళ్లాక ప్రతి ఖర్చుకూ రసీదు దాచండి.

మూడోది షరతు. నాటి బరోడా ఒప్పందంలో పదేళ్ల ఉద్యోగం ఉండేది. ఈనాడు ప్రభుత్వ నిధితో అమెరికా వెళ్లే వినిమయ విద్యార్థులకు, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నిబంధన ఉంది. సంతకానికి ముందే దానిని పూర్తిగా చదవండి.

నాలుగోది వినిమయం అనే మాట. ఇచ్చిపుచ్చుకోవడం అని దాని అర్థం. అక్కడ ఏమి నేర్చుకుంటారో రాసి ఆగిపోకండి. ఇక్కడి నుంచి ఏమి తీసుకువెళతారో, తిరిగి వచ్చి ఎవరికి పంచుతారో కూడా రాయండి.

ఇక చివరి ప్రశ్న దరఖాస్తుదారుకు కాదు, మనందరికీ. వెళ్లినవారు తిరిగి వచ్చినప్పుడు వారికి ఇల్లు, ప్రయోగశాల, గౌరవం ఇవ్వడానికి మనం సిద్ధంగా ఉన్నామా? 1917లో బరోడా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయింది. మీ తరం చెప్పాలి.