ఇంట గెలవడమే గట్టి పరీక్ష

1969లో కెనడా మహిళల కర్లింగ్ కిరీటం సస్కాచెవాన్ రాష్ట్రానికి దక్కింది. జట్టు నాయకురాలు జాయిస్ మెకీ. మరుసటి ఏడూ ఆ రాష్ట్రమే గెలిచింది, కానీ వేరే జట్టుతో. ఈసారి నాయకురాలు డొరెండా షోన్‌హాల్స్. 1971, 72, 73లలో వీరా పెజర్, 1974లో ఎమిలీ ఫార్నమ్. వరసగా ఆరేళ్లు గెలుపు ఒకే రాష్ట్రానిది, నాయకురాళ్లు మాత్రం నలుగురు. ఆ రోజుల్లో దేశ విజేతకు మరుసటి ఏడు నేరుగా పోటీలోకి వచ్చే హక్కు లేదు. మళ్లీ సొంత క్లబ్బులో మొదలుపెట్టి, రాష్ట్ర పోటీ నెగ్గి రావాల్సిందే. ఇంట గెలిచి రచ్చ గెలవమంటాం. సస్కాచెవాన్ ఆడవాళ్ల విషయంలో మొదటి గెలుపే కష్టమైనదని నా నమ్మకం.

ఆట సంగతి రెండు ముక్కల్లో. సుమారు 45 మీటర్ల పొడవున్న మంచు బాట. దాని మీద నీటి తుంపరలు చల్లి, అవి గడ్డకట్టాక ఏర్పడే సన్నని గరుకు మీద దాదాపు 20 కిలోల గ్రానైట్ రాయిని జారవిడుస్తారు. అవతలి కొసన 12 అడుగుల వెడల్పున గీసిన వలయాల మధ్యకు అది చేరాలి. జట్టుకు నలుగురు, మనిషికి రెండేసి రాళ్లు. వదిలేటప్పుడు ఇచ్చే మెలికతో రాయి వంపు తిరుగుతుంది. ఇద్దరు దాని ముందు పరుగున చీపుళ్లతో మంచును రుద్దుతారు. రుద్దితే రాయి మరికొంత దూరం, మరికొంత తిన్నగా పోతుంది. స్కిప్ అనే నాయకురాలు అవతలి కొసన నిలబడి గురి చూపుతుంది. రాయి వదిలిన చేయి ఒకరిది, దాన్ని గమ్యం చేర్చే చెమట మరో ఇద్దరిది. ఒంటరి ప్రతిభకు ఇందులో చోటు తక్కువ.

సస్కాచెవాన్ గోధుమ పొలాల సీమ. విస్తీర్ణంలో మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా దానిలో సగం కావు. 1961 లెక్కల్లో జనం మాత్రం 9,25,181 మంది. పొలం పని ఆగిపోయే దీర్ఘమైన చలికాలంలో ఊరి కర్లింగ్ షెడ్డే కూడలి. మగవాళ్ల దేశ పోటీ ‘బ్రయర్’ 1927లోనే మొదలైంది. మాంట్రియల్ మహిళలు తమ క్లబ్బును 1894లోనే పెట్టుకున్నా, ఆడవాళ్లకు దేశ పోటీ మాత్రం 1960 దాకా లేదు. 1950లలో పడమటి రాష్ట్రాల మహిళా విజేతలు తమలో తాము పోటీపడేవారు, అంతే. రాష్ట్ర పోటీల్లో నెగ్గినవాళ్లకు ఎక్కడానికి దేశస్థాయి మెట్టు లేని ఆ కాలాన్ని చరిత్ర రాసేవాళ్లు తొందరగా దాటేస్తారు. మెకీ తరం ఆట నేర్చుకున్నది అప్పుడే.

1960లో ఒషావాలో తూర్పు, పడమర విజేతలు తలపడ్డారు. మెకీ జట్టు గెలిచింది. కెనడా మహిళా కర్లింగ్ సంఘం ఏర్పడిందీ ఆ ఏడే. మరుసటి ఏడు ఒట్టావాలో, డొమినియన్ దుకాణాల సంస్థ ప్రాయోజకత్వంలో, పది రాష్ట్రాలూ పాల్గొన్న తొలి పోటీ జరిగింది. మెకీ జట్టు ఒక్క ఆటా ఓడలేదు. అందులో థర్డ్, అంటే ఉపనాయకురాలు, సిల్వియా ఫెడొరుక్. సాస్కటూన్ నగరంలోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త. 1951లో అక్కడ కోబాల్ట్-60 కిరణ చికిత్సను సిద్ధం చేసిన హెరల్డ్ జాన్స్ బృందంలో పనిచేసింది. క్యాన్సర్‌కు ‘కరెంటు పెట్టించారు’ అన్న మాట వింటూ పెరిగిన మన పెద్దలకు ఆ పని పరాయిది కాదు. ఎన్నో ఏళ్లు మన ఆసుపత్రుల్లోనూ ఆ కరెంటు ఇచ్చింది కోబాల్ట్ యంత్రాలే. పగలు ప్రయోగశాలలో కొలతలు తీసిన మనిషే మంచు మీద అంగుళాలు లెక్కపెట్టింది. 1988లో ఆమె సస్కాచెవాన్‌కు తొలి మహిళా లెఫ్టినెంట్ గవర్నరు అయింది.

ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా ఆపి ఆలోచింపజేసే ఘట్టం 1969కీ 1971కీ మధ్యది. 1969లో మెకీ స్కిప్, ఆమె కింద థర్డ్ వీరా పెజర్. 1971 నాటికి పెజర్ స్కిప్ అయింది. అప్పటికే దేశ విజేత జట్లకు నాయకత్వం వహించిన మెకీ అదే జట్టులో సెకండ్‌గా, అంటే రెండో వంతులో రాళ్లు వదిలే మనిషిగా, ఆడింది. షీలా రోవన్ థర్డ్, లెనోర్ మారిసన్ లీడ్, అంటే మొదట రాళ్లు వదిలే మనిషి. అంటే మెకీ ఇప్పుడు గురి చూపే చోటు వదిలి, చీపురు పట్టి, నిన్నటి తన ఉపనాయకురాలు ఇచ్చే కేకకు మంచు రుద్దాలి. పెద్దరికం చేతికొచ్చాక దిగిరావడం ఏ రంగంలోనూ తేలిక కాదు. ఈ నలుగురూ వరసగా మూడేళ్లు దేశాన్ని గెలిచారు. అంతకంటే ముందు, అంత గట్టి పోటీ ఉన్న సొంత రాష్ట్రాన్ని మూడుసార్లు గెలిచారు. పెజర్ క్రీడా మనస్తత్వ శాస్త్రం చదివిన మనిషి. తర్వాతి కాలంలో ఫెడొరుక్ లాగే ఆమె కూడా సస్కాచెవాన్ విశ్వవిద్యాలయానికి చాన్సలర్ అయింది. 2003లో ప్రైరీ (పడమటి మైదానాల) సీమ కర్లింగ్ సామాజిక చరిత్రను పుస్తకంగా రాసింది. ఆడినవాళ్లే చరిత్రకారులు కావడం అరుదు.

తర్వాతి దశాబ్దాల్లో పద్ధతి మారింది. దేశ విజేతకు మరుసటి ఏడు ‘టీమ్ కెనడా’ పేరుతో నేరుగా చోటు ఇచ్చారు. నిరుటి విజేతకు ఇంటి పోరు తప్పింది. దానివల్ల రాష్ట్రం నుంచి మరో జట్టుకు దారి తెరుచుకున్న మాటా నిజమే.

1980లో సస్కాచెవాన్‌లోని రెజీనాకు చెందిన మార్జ్ మిచెల్ జట్టు స్కాట్లాండ్‌లోని పెర్త్‌లో గెలిచి, కెనడాకు తొలి మహిళా ప్రపంచ కిరీటం తెచ్చింది. మూడేళ్లకే ఆమె క్యాన్సర్‌తో పోయింది. దేశ పోటీలో క్రీడాస్ఫూర్తి పురస్కారం నేటికీ ఆమె పేరు మీదే ఉంది. సాస్కటూన్‌కు పడమరనున్న బిగ్గర్‌లో పుట్టిన శాండ్రా ష్మర్లర్ 1993, 1994, 1997లలో దేశాన్నీ ప్రపంచాన్నీ గెలిచింది. 1998లో నగానో ఒలింపిక్స్‌లో స్వర్ణం అందుకుంది. 2000 మార్చి 2న, 36 ఏళ్లకే, ఆమెనూ క్యాన్సర్ తీసుకుపోయింది. కోబాల్ట్ చికిత్సకు పురిటిగడ్డల్లో ఒకటైన రాష్ట్రంలో ఈ రెండు మరణాలు మరింత కలచివేస్తాయి. మరుసటి ఏడు కర్లింగ్‌ను సస్కాచెవాన్ తన అధికారిక క్రీడగా ప్రకటించింది.

1997 తర్వాత దేశపు కప్పు ఆ రాష్ట్రానికి మళ్లీ రావడానికి 14 ఏళ్లు పట్టింది. 2011లో షార్లట్‌టౌన్ ఫైనల్లో ఆంబర్ హాలండ్ జట్టు, అప్పటి విజేత జెన్నిఫర్ జోన్స్ జట్టును 8-7తో ఓడించింది. హాలండ్ ఆడిన క్లబ్బు రెజీనా దగ్గర క్రోనా అనే చిన్న ఊరిది.