ఖిలాషాపురపుఁ గోట

పాలకుర్తి యనఁగానే సోమనాథకవి స్మృతికి వచ్చును. ఆ జనగామసీమయందే ఖిలాషాపురమున బురుజులతోఁ బాడువడిన కోట యొకటి కలదు. (‘ఖిలా’ యరబ్బీ, ‘షా’ పారసీ, ‘పురము’ సంస్కృతసమము. మూఁడుభాషలు గూడిన యీ సమాసము వైయాకరణులకు వినోదము.)

ఈ కోట సర్వాయి పాపన్నది. కల్లుగీత వృత్తిగాఁ గల కులమునఁ బుట్టి 1700 ప్రాంతమున విజృంభించిన యీతనిని ఖాఫీఖాను తన పారసీచరిత్రమున బందిపోటనియే వ్రాసెను. జానపదులు వీరుఁడని పాడిరి. బాయిల్ దొర యట్టి పాట నొకదానిని 1874లోఁ బ్రకటించెను. ఉభయులును బక్షపాతులే. వారి నటుంచి కోటనే విచారింతము.

హైదరాబాదు సుబాయధికారి రుస్తుందిల్‌ఖాను రెండుమాసములు ముట్టడింపఁగాఁ బాపన్న తప్పించుకొనెను. ఖాను కోటను గూల్పించెను. పాపన్న మరలివచ్చి యచ్చోటనే ఱాతితోను సున్నముతోను దానిని గట్టించి ఫిరంగుల నెక్కించెను. దొంగకు నడవి చాలును. పగవారెఱిఁగిన తావుననే సున్నము గలుపువాఁడు పాలింపఁ దలఁచినవాఁడు. 1708లో నోరుగల్లును దోఁచి పౌరులఁ జెఱపట్టుట క్రూరమే, దాని సమర్థింపరాదు. ఐనను దోఁచినవాఁడు రాజు గాఁడన్నచో నాకాలపు రాజులలో మిగులువా రెందఱు? 1710లో నీతనిఁ బట్టి చంపి శిరస్సును బాదుషా బహదూరుషా కడకుఁ బంపిరి. బందిపోటు తల కది పెద్ద ప్రయాణమే.